ఒత్తుకి ముందున్న అక్షరం

నేను ఇన్నేళ్ళూ ఏమీ రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు రాయడం రాదు. ఇంకాస్త గంభీరమైన కారణం ఏదైనా చెప్పుకుందామని వెతికాను గానీ దొరకలేదు. మా నాన్న చీరాల దగ్గర మగ్గం నేసేవాడు. మగ్గం ఆడాలంటే కండెలకి నూలు చుట్టేవాళ్ళు ఒకరుండాలి. ఆ ఒకరూ నేనే. బడిగంటా మగ్గం చప్పుడూ ఒకే వేళకి మొదలయ్యేవి. బడి వీధి చివర, మగ్గం ఇంట్లో. దగ్గర్లో ఉన్నదే గెలిచింది.

అది మొదటి పదిహేనేళ్ళ సంగతి. ఆ తర్వాతి నలభై అయిదేళ్ళకి మా నాన్ననీ మగ్గాన్నీ అనడానికి వీల్లేదు. ఆ కాలమంతా నేను చదువు నేర్చుకునే బదులు, చదువు రాదన్న సంగతి దాచడం నేర్చుకున్నాను. ఎవరైనా బస్సు బోర్డు చదవమంటే "కళ్ళజోడు మర్చిపోయానమ్మా" అనేదాన్ని. అప్పటికి నాకు కళ్ళజోడే లేదు. శుభలేఖ చేతికిస్తే రెండు చేతులతో పట్టుకుని, కాసేపు చూసి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి" అనేదాన్ని. ఒకసారి తలకిందులుగా పట్టుకుని అన్నాను. పెళ్ళికూతురి తల్లి మర్యాదస్తురాలు, ఏమీ అనకుండా తిప్పి ఇచ్చింది.

మా అమ్మాయికి కూతురు పుట్టినప్పుడు మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడే ఊరి శివార్లలో టార్నీట్‌లో ఉండిపోయాను. మనవరాలికి ఏడేళ్ళు వచ్చాక మా అమ్మాయి దాన్ని శనివారం తెలుగు క్లాసులో చేర్చింది. అది మధ్యలో పారిపోకుండా చూడటం నా పని. వెనక వరసలో పిల్లల కుర్చీ ఒకటి చూసుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనుతుంటే కూర్చున్నాను. మాస్టారు వారమంతా కంప్యూటర్ ఉద్యోగం చేసి శనివారం మాకు పాఠం చెప్పే కుర్రాడు.

"ఆంటీ, మీరు బయట వెయిట్ చెయ్యొచ్చు, కాఫీ ఉంది" అన్నాడు.

"ఇక్కడే బాగుంది బాబూ, చల్లగా ఉంది" అన్నాను.

నా మనవరాలు ఆ చల్లదనాన్ని 'ఙ' దాకా భరించి, ఈతకి వెళ్తానని పేచీ పెట్టి మానేసింది. నేను మానలేదు. అరవై ఒకటో ఏట అ, ఆ దిద్దాను. ఏడాదిన్నర తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆ తర్వాత నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. అప్పడాల ప్యాకెట్ మీద ఉన్నది మొత్తం పైకి చదివి వినిపించేదాన్ని. వినేవాళ్ళకి అప్పటికే అప్పడాలు తినేయడం కూడా అయిపోయేది.

మాస్టారు రెండు మాటలు తరచూ అనేవాడు. ఒకటి, "తెలుగులో మోసం లేదు ఆంటీ, ఎలా రాస్తే అలా చదవడమే." రెండోది, "తెలుగు, ఇటాలియన్ ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి." మొదటి మాట తెలుగు గురించి మాత్రమే చెప్పాడనీ, రెండో మాట సరదాకి చెప్పాడనీ నాకు తెలియలేదు. రెంటినీ కలిపి ముడి వేసుకున్నాను. ఇటాలియన్ కూడా నాకు వచ్చినట్టే అనుకున్నాను. నేర్చుకోవడం ఒక్కటే మిగిలింది.

నేర్పడానికి మనిషి పక్కింట్లోనే ఉంది. ఇటలీ పెద్దావిడ, పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి వచ్చిందట. కొడుకు ఇక్కడ కొత్త ఇల్లు కట్టుకుని, పాత పేటలో ఒంటరిగా ఉన్న ఆవిణ్ణీ ఆవిడ టమాటా మొక్కల ఊతకర్రల్నీ కలిపి తెచ్చేసుకున్నాడు. నా మనవరాలు ఆవిణ్ణి 'నోన్నా' అంటుంది, అంటే అమ్మమ్మ. నాకంటే పదేళ్ళు పెద్దది కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. మొదట్లో ఫోన్లో అది విని మా చెల్లెలు, "పొద్దస్తమానం నాన్న, నాన్న అంటావు, ఎవరే ఆ నాన్న?" అని కంగారు పడింది.

ఒకసారి పెద్ద గాలి వీచి మా రెండిళ్ళ మధ్య కంచె చెక్క ఒకటి ఊడిపోయింది. మా అల్లుడు బిగిస్తానని బయల్దేరాడు. అటునుంచి ఆవిడ "నో, నో!" అంది, ఇటునుంచి నేను "వద్దు బాబూ!" అన్నాను. అప్పటినుంచి రోజూ పదిగంటలకి ఆవిడ అటు కుర్చీ వేసుకునేది, నేను ఇటు వేసుకునేదాన్ని. ఆ సందులోంచే కాఫీ, కారప్పూస, కబుర్లు. ఆవిడ లేకపోతే పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నాతో మాట్లాడేది వాషింగ్ మెషీన్ ఒక్కటే. అదీ పనైపోయిందని కూత పెట్టడానికే.

మాట్లాడుకోవడానికి ఇద్దరి దగ్గరా చెరో సగం ఇంగ్లీషు ఉంది. రెండు సగాలు కలిస్తే ఒకటి కావాలి గానీ, ఇద్దరి దగ్గరా అదే సగం ఉంది. వంకాయ పేరు తెలియకపోతే వంకాయని చూపించొచ్చు. తినడాన్నీ వెతకడాన్నీ ఎలా చూపిస్తాం? చేసి చూపించాలి. అందుకని ఆవిడ నాకు క్రియలే నేర్పింది. నోటి దగ్గర వేళ్ళాడించి "పర్లారే", మాట్లాడటం. ముద్ద పెట్టుకున్నట్టు చేసి "మంజారే", తినడం. నాకు నవ్వాగలేదు. మనం "వచ్చారే, తిన్నారే" అన్నట్టు, వాళ్ళ క్రియలన్నీ ఎవరో పెద్దమనుషులు చేస్తున్నట్టే ఉంటాయి. మర్యాదగల భాష అనుకున్నాను.

ఆవిడ ఇంగ్లీషు మాటకి కూడా 'ఆరే' తగిలించి క్రియ చేసేసేది. కారు నిలపడం 'పర్కారే'. మా అమ్మాయి 'పార్క్ చెయ్యడం' అంటుంది, ఇంచుమించు అదే వ్యాపారం. క్రియకి ముందు 'రి' తగిలిస్తే మళ్ళీ చేసినట్టట. ఫారే అంటే చేయడం, రిఫారే అంటే మళ్ళీ చేయడం. అది తెలిసిన రోజు నేను ఖాళీ కప్పు చాపి "రికాఫీ" అన్నాను. ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఇంట్లోకి వెళ్ళి కొడుక్కి ఫోన్ చేసి చెప్పింది.

అలాంటి రోజుల్లో నా మనవరాలు ఇటాలియన్ హోంవర్క్ తెచ్చింది. వాళ్ళ బళ్ళో అది అందరికీ ఉంది. పది క్రియలిచ్చి ముక్కలుగా విడగొట్టమన్నారు.

"నేను చెప్తా రాయి తల్లీ, ఇవన్నీ మన అక్షరాల్లాగే" అన్నాను.

పర్లారేని ప-ర్లా-రే అని కోశాను. పెట్టడం అనే మెత్తెరేని మె-త్తె-రే అని కోశాను. మనకి ఒత్తు పక్క అక్షరం కింద వేలాడుతుంది, దాన్ని తెంపితే అక్షరం ఏడుస్తుంది. వాళ్ళకి ఆ జాలి లేదు. రెండు హల్లులు జంటగా కనిపిస్తే నడిమికి నరికి, చెరో ముక్కా చెరో వైపుకి పంచేస్తారు. పర్-లా-రే, మెత్-తె-రే. పదింటికి రెండు వచ్చాయి. ఆ రెండూ ప్రేమించడం, చూడటం. అమారే, వెదేరే. ఒత్తుల్లేనివి.

"అమ్మమ్మా! యూ సెడ్ యూ నో దిస్!"

"తెలుసే. వాళ్ళకే తెలియదు."

మరుసటి వారం ఇంకో కాగితం. ఈసారి క్రియలో ఏ అక్షరాన్ని గట్టిగా పలకాలో గుర్తు పెట్టాలి. స్ట్రెస్ అంది మనవరాలు. ఒత్తి పలకడమన్నమాట. ఒత్తు అనగానే నా ప్రాణం లేచొచ్చింది. మా మాస్టారు పిల్లల చేత పద్యం చదివిస్తూ ఒక సూత్రం చెప్పాడు, "ఒత్తు కనపడితే దాని ముందున్న అక్షరం మీద ఊనండి" అని. అమ్మలో 'అ', అక్కలో 'అ'. ఆ సూత్రాన్నే ఇటలీ మీద ప్రయోగించాను. పర్లోలో 'ప', మెత్తోలో 'మె', మోస్తున్నాను అనే పోర్తోలో 'పో', చదువుతున్నాను అనే లెగ్గోలో 'లె'. అన్నీ రైటే! ఇటలీ వాళ్ళు కూడా మా మాస్టారి దగ్గరే చదువుకున్నట్టున్నారు. పర్లారే లాంటిది ఒక్కటీ ఆ కాగితంలో లేకపోవడం నా దురదృష్టం. అందులో ఊనాల్సింది 'ప' మీద కాదు, 'ర్లా' మీదట. ఉంటే అప్పుడే బోర్లాపడి ఉండేదాన్ని.

జనవరిలో ఒక శుక్రవారం పూజకి పూలు లేవు. మా పెరట్లో కుండీలో మందారం ఉంది గానీ, దానికి ఈ దేశం ఇంకా అలవాటు కాలేదు. నోన్నా వేసిన తీగ మాత్రం కంచె ఎక్కి మా వైపు దిగింది. జుకినీ అంటారు, మన గుమ్మడికి చెల్లెలు. అరచెయ్యంత పసుప్పచ్చ పూలు. వాటిలో మూడింటి తొడిమెలకి ఎర్ర ఊలుదారం కట్టి ఉంది.

మా వైపు చెట్టుకి గానీ తీగకి గానీ ఎర్రదారం కడితే మొక్కుకున్నారనే అర్థం. అంటే నోన్నా ఆ మూడు పూలనీ దేవుడికి విడిచిందన్నమాట. ఏ దేవుడైతేనేం? మిగతా పూలు ముట్టుకోలేదు, నేనంత పాపాత్మురాల్ని కాను. దారం కట్టిన మూడే కోశాను. ఒక్కో పువ్వు వెనకా చిటికెనవేలంత పిందె ఉంది. పుష్పమూ ఫలమూ ఒకేసారి దొరికాయని లక్ష్మీదేవి ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

పదిగంటలకి నోన్నా సందు దగ్గరకొచ్చి తీగ వైపు చూసింది. నేను ఉత్సాహంగా కిటికీలోంచి పూజగూడు చూపించి, "నోన్నా! యువర్ ఫ్లవర్! మై గాడ్!" అన్నాను.

ఆవిడ పూజగూడు వంక చూసి, మళ్ళీ తీగ వంక చూసింది. "సేమె" అంది చివరికి. నాకు అర్థం కాలేదు. "మై మదర్" అంది. కుర్చీ మడిచి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆవిడ కొడుకు వచ్చి ఊడిన చెక్కని నాలుగు మేకులతో బిగించాడు.

సేమె అంటే విత్తనమని మనవరాలు చెప్పింది. మిగతా సంగతి ఆవిడ కొడుకు మా అల్లుడికి చెప్పాడు. ఆ విత్తనం ఆవిడ తల్లి ఇచ్చి పంపింది. ఏటా కొన్ని కాయల్ని ముదరనిచ్చి, గింజలు తీసి దాచి, మళ్ళీ ఏడు వేస్తుంది. ఏ కాయల్ని ముదరనివ్వాలో గుర్తుకి ఎర్రదారం కడుతుంది. అలా ఇన్నేళ్ళుగా తెగకుండా వస్తున్న వంశాన్ని నేను ఒక శుక్రవారం పూట కర్పూరం వెలిగించి ముగించాను.

పది రోజులు గడిచాయి. పదిగంటలకి అలవాటుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురుగా చెక్క. అటు నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడేది. నేను దగ్గితే ఆ చప్పుడు ఆగిపోయేది. ఆ మనిషి లేకపోతే ఈ దేశంలో నాకు పగలంటూ లేదని ఆ పది రోజుల్లో తెలిసింది. క్షమాపణ అడగాలి. ఇంగ్లీషులో సారీ అంటే ఇక్కడ తుమ్మినా అంటారు, దానికి విలువ లేదు. ఆవిడ భాషలోనే అడగాలి.

ఆదివారం పొద్దున్న మనవరాల్ని పట్టుకున్నాను. "ఫర్‌గివ్ అనడాన్ని ఇటాలియన్‌లో ఏమంటారే?"

"పెర్దొనారే" అంది ఐప్యాడ్ మీంచి తలెత్తకుండా.

"అదంతా 'ఆరే'తో వద్దు. నేను చెప్పాలంటే ఎలా?"

"'నేను' అయితే ఎండింగ్ 'ఓ' వస్తుంది. పెర్దోనో." కవరు వెనక ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి మళ్ళీ ఆటలో పడింది.

దాని కింద నేను తెలుగులో రాసుకున్నాను. పె, ర్దొ, నో. చూడగానే ఒత్తు కనపడింది. ఒత్తుకి ముందున్న అక్షరం 'పె'. అంతే, దాని మీద ఊనాలి. పేర్దొనో! అది ఎలా పలికిందో వినలేదా అంటే, విన్నాను. కానీ పదేళ్ళ పిల్ల గొణుగుడు కంటే రాసిన అక్షరాన్ని నమ్మడం నాకు కొత్తగా అబ్బిన జబ్బు. బొబ్బట్లు ఒత్తుతూ, ఒక్కో బొబ్బట్టుకీ ఒకసారి, "పేర్దొనో, పేర్దొనో" అని సాధన చేశాను.

మధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని, ఒక పళ్ళెంలో బొబ్బట్లు పెట్టుకుని వీధి వైపు నుంచి వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో నోన్నాతో పాటు ఇంకో ముగ్గురు ముసలమ్మలున్నారు. నలుగురికీ ఒకే రకం నీలం చొక్కాలు. వీళ్ళు ఆదివారాలు బోచే అనే ఆట ఆడతారు. చిన్న బంతి దగ్గరికి పెద్ద బంతులు దొర్లించే ఆట. నలుగురూ నేలచూపులు చూస్తున్నారు. కాఫీలు చల్లారిపోతున్నాయి. నాకోసమే ఇంత గంభీరంగా ఉన్నారనుకున్నాను.

మెట్టెక్కి, పళ్ళెం చాపి, నవ్వుతూ, గట్టిగా అన్నాను, "పేర్దొనో!"

నలుగురూ నా వంక చూశారు. వినపడలేదేమోనని ఒక్కొక్కరికీ పళ్ళెం చూపిస్తూ మళ్ళీ అన్నాను, "పేర్దొనో! పేర్దొనో!"

లావుపాటి ఆవిడ లేచి నిలబడింది. ఇంకొకావిడ చేతులూపుతూ ఏదో గబగబా అడిగింది. అందులో నాకు 'ఇండియా' ఒక్కటే అర్థమైంది. నోన్నా మొహం ఎర్రబడింది. పళ్ళెం వంక చూసింది, నా పట్టుచీర వంక చూసింది. "గో హోమ్" అంది నెమ్మదిగా. పళ్ళెంతో సహా వచ్చేశాను.

జరిగింది చెప్పగానే మనవరాలు ఐప్యాడ్ పక్కన పెట్టేసింది. అది ఐప్యాడ్ పక్కన పెట్టిందంటే విషయం పెద్దదే.

"ఏమన్నావ్? ఇంకోసారి అను."

"పేర్దొనో."

అది సోఫా మీంచి కిందకి జారింది. నవ్వు ఆగాక చెప్పింది. "అమ్మమ్మా, ఫర్‌గివ్ అంటే పెర్దోనో. 'దో' మీద. నువ్వు 'పే' అన్నావు. పేర్దొనో అంటే 'దే లూజ్'!"

"ఎవరు?"

"ఎవరైనా! వాళ్ళు ఓడిపోతారు. ఓడిపోతున్నారు. నోన్నా టీమ్ ఇవాళ ఫైనల్ ఓడిపోయింది, నోన్నా వాళ్ళబ్బాయి చెప్పాడు."

వాళ్ళు ఓడిపోయి వచ్చి కూర్చుంటే, నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళి, "ఓడిపోయారు! ఓడిపోయారు!" అని స్వీట్లు పంచాను.

"రాసేటప్పుడు ఏ గుర్తూ పెట్టరా మరి?"

"నోప్. రెండూ సేమ్ స్పెల్లింగ్."

"చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"దే జస్ట్ నో."

"తెలియనివాళ్ళు?"

"బొబ్బట్లు తీసుకుని నోన్నా ఇంటికెళ్తారు" అని మళ్ళీ కింద పడింది.

మనకైతే దీర్ఘం పెడతాం, తేడా కళ్ళముందుంటుంది. అరవై ఏళ్ళకి అక్షరం నేర్చుకుని, అన్నీ అందులోనే ఉన్నాయని నమ్మినదాన్ని. అందులో లేనిది కూడా ఉంటుందని, దానికి మనిషి నోటివెంట వినడం తప్ప దారి లేదని ఎవరూ చెప్పలేదు. అరవై ఏళ్ళు వినికిడితోనే బతికిన నాకే చెప్పాల్సి వచ్చింది, అదీ విచిత్రం.

"అయితే పెర్దోనో అని ఉంటే సరిపోయేదన్నమాట" అన్నాను.

మనవరాలు కాస్త ఆలోచించి, జాలిగా చూసింది. "యాక్చువల్లీ... నో. దానికి 'నేను క్షమిస్తున్నాను' అని మీనింగ్. నువ్వే 'నేను'తో చెప్పమన్నావుగా."

అంటే సరిగ్గా పలికినా, పూలు కోసినదాన్ని వెళ్ళి, పూలు పోగొట్టుకున్నావిణ్ణి క్షమించి వచ్చి ఉండేదాన్ని. పేర్దొనోయే నయం.

"మరి నన్ను క్షమించు అనాలంటే?"

"పెర్దోనమి. పెర్దోన అంటే నువ్వు ఫర్‌గివ్ చెయ్యి. 'మి' అంటే నన్ను. వెనక అతికించాలి. బట్ స్ట్రెస్ 'దో' మీదే ఉంటుంది, కదలదు."

"'నువ్వు' అనకూడదే, పెద్దావిడ. 'మీరు' లాంటిది లేదా?"

"ఉంది. ఇంకా వీ హావెంట్ డన్ ఇట్."

వాళ్ళ టీచరు 'మీరు' దాకా వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఈసారి కాగితం మీద రాసుకోలేదు. మనవరాలు పలికితే వింటూ, దాని నోరు చూస్తూ, పప్పు కలియబెడుతూ అన్నాను. పెర్దోనమి. పెర్దోనమి. మా అమ్మాయి బజారు నుంచి వచ్చి, "ఎవర్నమ్మా తిడుతున్నావు?" అంది.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి నోన్నా నీళ్ళు పట్టే వేళకి, పళ్ళెమూ పట్టుచీరా లేకుండా, వీధి వైపు నుంచి వాళ్ళ గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ గొట్టం పట్టుకుని తీగ దగ్గరుంది. నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది.

"పెర్దోనామి" అన్నాను.

ఆవిడ తిరగలేదు. "అగైన్" అంది.

"పెర్దోనామి."

"నో 'నామి'. 'నమి'. షార్ట్." ఇటు తిరిగింది. "దో, దో, పుష్ హియర్" అంటూ అరచేత్తో గాలిని కిందకి నొక్కింది.

"పెర్దోనమి."

ఆవిడ తలాడించింది. "యెస్టర్‌డే, యూ కరెక్ట్" అంది. "వీ లూజ్. ట్వెల్వ్, ఫోర్." పెదవి మూల కాస్త కదిలింది. వేలితో పిలిచి తీగ మొదట్లో ఆకు ఎత్తి చూపించింది. అక్కడ బెత్తెడు కాయ ఒకటి, తొడిమెకి కొత్త ఎర్రదారం. నా వంక చూసి వేలు చూపించి బెదిరించింది. తర్వాత సన్నటి కాడ ఉన్న పువ్వొకటి చూపించి, "దిస్, ఫర్ యువర్ గాడ్. ఓన్లీ దిస్" అంది. వెనక పిందె లేనివి కోసుకోవచ్చట.

"త్యేని" అని గొట్టం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. పట్టుకోమని అర్థం అయ్యుంటుంది. నేను పట్టుకున్నాను. చెప్పులు తడిసి, చీర అంచు తడిసి, ఎంతసేపు పట్టాలో తెలియక అలాగే తీగంతా తడుపుతూ నిలబడ్డాను. వంటింటి కిటికీలోంచి కేక వినపడింది. "రూట్! నో లీఫ్! రూట్!" గొట్టాన్ని ఆకుల మీంచి తీసి మొదట్లో పెట్టాను.